పెంపుడు ఊసరవెల్లికి జబ్బు చేస్తే గుర్తించడం ఎలా, ఏం చేయాలి

కుక్కకు ఒంట్లో బాగాలేకపోతే మూలుగుతుంది, ఆవు మేత మానేస్తుంది, మనకు ఆ రోజే తెలిసిపోతుంది. ఊసరవెల్లి మాత్రం తన జబ్బును చివరిదాకా దాచుకుంటుంది. కొమ్మ మీద నీరసంగా కనిపించిన దాన్ని గద్దో పామో ముందుగా పట్టుకుపోతుంది కాబట్టి, ఒంట్లో శక్తి ఉన్నంతవరకు మామూలుగానే కనిపించడం దానికి పుట్టుకతో వచ్చిన గుణం. అందువల్ల "నిన్నటిదాకా బాగానే ఉంది, ఈ రోజే ఇలా అయింది" అని మనకు అనిపించే నాటికి చాలాసార్లు జబ్బు మొదలై వారాలు గడిచి ఉంటాయి. ఆ వారాలను చేజార్చుకోకుండా ఉండటం ఎలాగో, ఒకవేళ జబ్బు ముదిరితే అదే రోజు ఏం చేయాలో ఇక్కడ వరుసగా చెబుతాను.

అంతకంటే ముందు చెప్పవలసిన మాట ఒకటి ఉంది. మన మెట్ట పొలాల్లో, తుమ్మ చెట్ల మీద కనిపించే ఊసరవెల్లికి 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం రక్షణ ఇస్తోంది. దాన్ని పట్టి ఇంట్లో పెంచడం నేరం. గాయపడినది కనిపిస్తే అటవీ శాఖకు అప్పగించాలి. నేను రాస్తున్నది పంజరంలోనే పుట్టి, పెంపకానికి అమ్ముడయ్యే విదేశీ జాతుల గురించి, ముఖ్యంగా వెయిల్డ్ కమీలియన్ గురించి. దాని పుట్టిల్లు యెమెన్, సౌదీ అరేబియాల కొండ ప్రాంతాలు. మడగాస్కర్‌కు చెందిన పాంథర్ కమీలియన్‌కు కూడా ఇందులోని విషయాలు చాలావరకు వర్తిస్తాయి. నేను డాలస్ దగ్గర ఉంటున్నాను. ఇక్కడ మన తెలుగువారి ఇళ్లలోనూ పిల్లల ముచ్చట కోసం వీటిని కొంటున్నారు. భారతదేశంలో ఇలాంటి విదేశీ జాతులను పెంచేవారు 2022 నాటి చట్ట సవరణ తరువాత వచ్చిన నిబంధనల ప్రకారం కేంద్ర పర్యావరణ శాఖ వారి పరివేష్ పోర్టల్‌లో నమోదు చేయించుకోవాలి. ఆ కాగితం చేతిలో ఉంటే పశువైద్యుడి దగ్గరకు వెళ్లడానికి జంకవలసిన పని ఉండదు.

మొదటి పని: ఆరోగ్యంగా ఉన్న రోజులను రాసిపెట్టుకోండి

జబ్బును గుర్తించడం జబ్బు చేసిన రోజున మొదలు కాదు. మీ ఊసరవెల్లి బాగున్నప్పుడు ఎంత బరువుంది, ఏమేమి తింటోంది, ఎన్ని రోజులకొకసారి రెట్ట వేస్తోంది, నాలుక ఎంత దూరం విసురుతోంది, నిద్రలో ఏ రంగులో ఉంటోంది అన్నవి మీకు తెలిసి ఉంటేనే తేడా వచ్చినప్పుడు తేడా అని తెలుస్తుంది. ఒక చిన్న నోటుపుస్తకం, గ్రాముల్లో చూపించే ఎలక్ట్రానిక్ త్రాసు కొనండి. వంటింటి త్రాసును మాత్రం ఇందుకు వాడవద్దు. సరీసృపాల ఒంటి మీద మనుషులకు వాంతులు, విరేచనాలు తెప్పించే సాల్మొనెల్లా క్రిములు ఉండవచ్చు.

వారానికొకసారి, ఒకే రోజున, మేత పెట్టకముందు తూకం వేయండి. ఊసరవెల్లిని చేత్తో పట్టి త్రాసు మీద పెడితే అది బెదిరిపోతుంది. త్రాసు మీద చిన్న కొమ్మను నిలబెట్టి, అంకెను సున్నాకు తెచ్చి, అది తనంతట తాను ఆ కొమ్మ మీదికి ఎక్కేలా చేస్తే సరిపోతుంది. 120 గ్రాములున్న జంతువు 12 గ్రాములు తగ్గిందంటే పదో వంతు పోయినట్టు. అంటే మూడు టీ చెంచాల పంచదార బరువు; రోజూ చూసే కంటికి ఆ తేడా ఎంతమాత్రం తెలియదు, త్రాసుకు తెలుస్తుంది. గుడ్లు పెట్టడం వంటి కారణమేదీ లేకుండా అంత తగ్గినా, వరుసగా రెండు మూడు వారాలు తగ్గుతూ వచ్చినా, మిగతా లక్షణాల కోసం ఎదురుచూడకుండా వైద్యుడికి చూపించండి. ఎదిగే పిల్ల అయితే బరువు పెరగకుండా ఆగిపోవడమే హెచ్చరిక.

రెండో పని: ప్రతి ఉదయం ఐదు నిమిషాలు చూడండి

పంజరానికి వేడిని, వెలుతురును ఇచ్చే దీపాలు వెలిగిన గంట తరువాత, కాస్త దూరంగా నిలబడి, ముందుగా కళ్లను చూడండి. ఆరోగ్యంగా ఉన్న ఊసరవెల్లి కళ్లు గుండ్రంగా ఉబ్బెత్తుగా ఉండి, ఒకటి మిమ్మల్ని చూస్తుంటే రెండోది పురుగును వెతుకుతూ దేనికది తిరుగుతూ ఉంటుంది. కన్ను లోపలికి గుంటపడితే ఒంట్లో నీరు తగ్గిందని అర్థం. పగటిపూట రెండు కళ్లూ మూసుకుని కూర్చుందంటే, ఈ వ్యాసంలో అన్నింటికంటే ముఖ్యంగా గుర్తుపెట్టుకోవలసిన లక్షణం అదే. ఊసరవెల్లి పగలు కునుకు తీయదు. పట్టపగలు మళ్లీ మళ్లీ కళ్లు మూస్తోందంటే అది జబ్బుపడింది, ఆ జబ్బు కూడా చిన్నది కాదు. ఒక్క కన్నే మూసుకుంటే దుమ్ము పడి ఉండవచ్చు, పొర చిక్కుకుని ఉండవచ్చు, విటమిన్ ఎ తక్కువై వాచి ఉండవచ్చు. కుబుసం విడిచే ముందు కొన్ని క్షణాలపాటు కన్నును బుడగలా ఉబ్బించి కొమ్మకు రుద్దుకోవడం మాత్రం సహజమే, దానికి భయపడనక్కరలేదు.

తరువాత రెట్టను చూడండి. అందులో గోధుమ రంగు భాగం ఒకటి, సున్నం ముద్దలా ఉండే తెల్లని భాగం ఒకటి ఉంటాయి. ఆ తెల్లని భాగమే దాని మూత్రం. అది తెల్లగా ఉంటే నీళ్లు సరిపోతున్నట్టు. పూర్తిగా పసుపు రంగులోనో నారింజ రంగులోనో గట్టిపడి ఉంటే నీళ్లు చాలడం లేదు. గోధుమ భాగం పలచగా, దుర్వాసనతో, జిగటగా పడుతుంటే కడుపులో పరాన్నజీవులు ఉన్నాయేమో పరీక్ష చేయించాలి.

రంగును చూసి కంగారు పడేవారు ఎక్కువ, కానీ రంగు ఒక్కటే దేనికీ సాక్ష్యం కాదు. ఉదయం వేడిని పీల్చుకోవడానికి అది నల్లబడుతుంది, అద్దంలో తన నీడను చూసినా నల్లబడుతుంది. ఒళ్లు వెచ్చబడిన తరువాత కూడా రోజంతా ముదురు గోధుమ రంగులోనే ఉండిపోయినా, పట్టపగలు నిద్రలో ఉన్నట్టు పాలిపోయి కనిపించినా అప్పుడు ఆలోచించాలి. చివరగా పట్టును చూడండి. కొమ్మను నాలుగు కాళ్లతోనూ గట్టిగా పట్టుకుని, పొట్టను కొమ్మకు ఆనించకుండా ఎత్తి నడవాలి. రాత్రి కూడా పంజరం అడుగున పడుకోవడం ఆరోగ్యానికి గుర్తు కాదు.

మూడో పని: లక్షణాన్ని బట్టి కారణాన్ని పోల్చుకోండి

పెంపుడు ఊసరవెల్లులకు ఎక్కువగా వచ్చేది ఎముకల జబ్బు. క్యాల్షియం తగ్గినా, దాన్ని ఒంటికి పట్టించే విటమిన్ డి3 తయారు కావడానికి కావలసిన యూవీబీ కాంతి (ఎండలో ఉండే అతినీలలోహిత కాంతిలో ఒక రకం) అందకపోయినా, శరీరం తన ఎముకల్లోని సున్నాన్నే కరిగించి వాడుకుంటుంది. మొదట నాలుక గురి తప్పుతుంది. పురుగు దాకా వెళ్లకుండా మధ్యలోనే ఆగిపోతుంది. తరువాత నడకలో వణుకు వస్తుంది. ఆ తరువాత ముంజేయి విల్లులా వంగుతుంది, దవడ మెత్తబడుతుంది, నెత్తి మీది తురాయి ఒక పక్కకు ఒరుగుతుంది. ఇంత ముదిరాక వంగిన ఎముక తిరిగి తిన్నగా కాదు. జబ్బు ఇంకా పెరగకుండా ఆపడం మాత్రం సాధ్యమే. నాలుక గురి తప్పిన దశలోనే పట్టుకోగలిగితే పూర్తిగా కోలుకునే అవకాశం చాలా ఎక్కువ. ఇక్కడ చాలామందిని మోసం చేసేది బల్బు. యూవీబీ గొట్టం కంటికి వెలుగుతూనే కనిపిస్తుంది గానీ, అందులోని యూవీబీ నెలలు గడిచేకొద్దీ తగ్గిపోతుంది. బిగించిన తేదీని గొట్టం చివర మార్కర్‌తో రాసి, ఏడాదికొకసారి మార్చండి. కిటికీ అద్దంలో నుంచి వచ్చే ఎండ ఇందుకు పనికిరాదు, అద్దం యూవీబీని ఆపేస్తుంది.

ఊపిరితిత్తుల జబ్బులో నోరు తెరిచి, మూతిని పైకెత్తి పెట్టి గాలి పీలుస్తుంది. దగ్గర చెవి పెడితే టిక్కుమని చిన్న శబ్దమో ఈల వంటి శబ్దమో వినిపిస్తుంది. నోట్లో జిగురు తీగలు కనిపిస్తాయి. వేడి ఎక్కువైనప్పుడు కూడా నోరు తెరుస్తుంది కాబట్టి, దీపానికి దూరంగా చల్లని చోట ఉన్నప్పుడు కూడా నోరు తెరిచే ఉందా అన్నది చూడాలి. ముక్కు రంధ్రాల దగ్గర తెల్లగా పేరుకునేది మాత్రం ఒంట్లోని ఉప్పు, చీమిడి కాదు. గాలి ఆడని గాజు పెట్టెలో రాత్రంతా తేమ, ఉక్క రెండూ కలిసి ఉండటం ఈ జబ్బుకు ముఖ్యమైన దారి. రాత్రి తేమ ఎక్కువ ఉండవచ్చు, ఉండాలి కూడా, కానీ గాలి చల్లగా ఉండి కదులుతూ ఉండాలి.

చిగుళ్ల అంచున పసుపు రంగు ముద్దలు, పెదవి పక్కన వాపు కనిపిస్తే నోటిపుండు. సరీసృపాల చీము నీరులా కారదు, జున్నులా గట్టిగా ఉంటుంది. దాన్ని ఇంట్లో గిల్లి తీయకూడదు. కీళ్లు వాచి, కొమ్మను పట్టుకోవడానికే బాధపడుతుంటే గౌట్ కావచ్చు, అంటే కీళ్లలో యూరిక్ ఆమ్లం పేరుకునే జబ్బు. నీళ్లు తక్కువై, మేత అతిగా పెట్టిన చోట అది వస్తుంది. తురాయి కొనన, వీపు గీత మీద నల్లగా కమిలితే దీపం మరీ దగ్గరగా ఉన్నట్టు. ఊసరవెల్లికి చర్మం కాలుతున్న సంగతి మనకు తెలిసినంత త్వరగా తెలియదు, తురాయి కాలుతున్నా అక్కడే కూర్చుంటుంది.

ఆడదాని విషయం విడిగా, వివరంగా చెప్పాలి. ఆడ వెయిల్డ్ కమీలియన్ మగదాన్ని ఎన్నడూ చూడకపోయినా గుడ్లు పెడుతుంది, ఆరు నెలల వయసుకే మొదలుపెట్టవచ్చు. పుంజు లేకుండా కోడి పెట్టే గుడ్ల లాంటివే అవి, పొదిగినా పిల్లలు రావు. ఒక్కో విడతకు 20 నుంచి 60 దాకా పెడుతుంది, తిండి మరీ ఎక్కువైతే అంతకు మించి కూడా ఉంటాయి. నాకు మొదటి ఆడ ఊసరవెల్లిని అమ్మినవారు మగది లేకపోతే గుడ్ల బెడదే లేదన్నారు, నేను నమ్మాను. ఒకనాడు అది కొమ్మలన్నీ వదిలి పంజరం అడుగుకు దిగి, నున్నటి ప్లాస్టిక్ పలక మీద ముందుకాళ్లతో గీకడం మొదలుపెట్టింది. మూడు రోజులు గీకింది. గీకిన చోట సన్నని తెల్లగీతలు పడ్డాయి, దాని గోళ్ల కొనలు అరిగిపోయాయి. తవ్వుకోవడానికి మట్టి కోసం వెతుకుతోందని నాకు తట్టలేదు, హుషారుగా ఉందనుకున్నాను. నాలుగో రోజు పదకొండు గంటలకు కళ్లు మూసుకుని ఒక మూల పడి ఉంది. ఎక్స్‌రేలో కడుపు నిండా గుడ్లు, పేర్చిన ముత్యాల్లా కనిపించాయి. మందులు ఇచ్చినా రెండు రోజుల తరువాత చనిపోయింది.

కాబట్టి ఆడది మీ ఇంట్లో ఉంటే, ఐదో నెల నుంచే పంజరంలో ఎప్పుడూ ఒక మట్టితొట్టె ఉంచండి. తొట్టె లోతు, వెడల్పు 30 సెంటీమీటర్లకు తగ్గకూడదు. కడిగిన ఇసుక, మట్టి కలిపి, వేలితో సొరంగం చేస్తే కూలిపోకుండా నిలిచేంత తడిగా నింపాలి. అది తవ్వడం మొదలుపెట్టగానే పంజరానికి దుప్పటి కప్పి పక్కకు తప్పుకోండి, ఎవరైనా చూస్తున్నారని తెలిస్తే తవ్విన గుంతను వదిలేస్తుంది. తవ్వడం ఆపేసి, గుడ్లు పెట్టకుండా నీరసించి కళ్లు మూస్తే గుడ్లు అడ్డుపడినట్టే. అది ఆ రోజే వైద్యుడు చూడవలసిన స్థితి. గుడ్డును బయటికి నెట్టే కండరాలకు క్యాల్షియం కావాలి కాబట్టి, ఎముకల జబ్బున్న ఆడవాటికి ఈ ప్రమాదం మరింత ఎక్కువ.

నాలుగో పని: లక్షణం కనిపించిన గంటలో

ముందుగా మీ కళ్లను పంజరం మీదికి తిప్పండి. చాలా జబ్బుల మూలం అక్కడే ఉంటుంది. ఎండకాగే కొమ్మ మీద వేడి మగదానికి 29 నుంచి 32 సెల్సియస్ డిగ్రీలు, ఆడదానికి 27 నుంచి 29 డిగ్రీలు ఉందా అన్నది తీగ చివర కొలిచే థర్మామీటరుతో చూడండి. గోడకు అంటించే గుండ్రటి మీటర్లను నమ్మవద్దు. పంజరం కింది భాగం 22 నుంచి 25 డిగ్రీల దగ్గర చల్లగా ఉండాలి, అప్పుడే అది తనకు కావలసిన చోటును ఎంచుకోగలుగుతుంది. వేడి తక్కువైతే దాని ఒళ్లు క్రిములతో పోరాడలేదు, తిన్నది కూడా అరగదు.

రెండోది నీరు. ఊసరవెల్లి గిన్నెలో నీళ్లు తాగదు, ఆకుల మీద నిలిచిన బొట్లనే తాగుతుంది. గోరువెచ్చని నీళ్లను సన్నని తుంపరగా ఆకుల మీద కొన్ని నిమిషాలపాటు చల్లి, తరువాత బొట్టుబొట్టుగా పడే ఏర్పాటు ఒకటి పెట్టండి. తుంపర ముఖం మీద నేరుగా కొట్టకూడదు. తాగకపోతే సిరంజితో గొంతులోకి పోయవద్దు. దాని శ్వాసనాళం నోటి ముందు భాగంలోనే, నాలుక మొదట్లో తెరుచుకుని ఉంటుంది కాబట్టి నీళ్లు ఊపిరితిత్తుల్లోకి పోతాయి. పెదవి పక్కన ఒక్కో బొట్టు ఆనించి, అది చప్పరిస్తేనే రెండో బొట్టు ఇవ్వండి.

మూడోది ప్రశాంతత. పంజరానికి మూడు వైపులా గుడ్డ కప్పండి, పిల్లలను, కుక్కలను ఆ గదిలోకి రానివ్వకండి, పదేపదే చేత్తో తీసి చూడకండి. తినని ఇలకోళ్లను పంజరంలో వదిలిపెట్టవద్దు, రాత్రిపూట అవి నీరసంగా ఉన్న ఊసరవెల్లినే కొరుకుతాయి. ఒంట్లో నీరు తగ్గిన దానికి బలవంతంగా మేత తినిపిస్తే మరింత ప్రమాదం. ముందు నీరు, ఆ తరువాతే తిండి. మనుషుల యాంటీబయాటిక్ మాత్రలను నూరి ఇవ్వడం, పసుపు పూయడం, వేపనూనె రాయడం వంటివి ఎంత ప్రేమతో చేసినా చేయవద్దు. విరిగిన కాలికి ఇంట్లో కట్టు కట్టవద్దు. నాలుక వెనక్కి పోకుండా వేలాడుతున్నా, మలద్వారం నుంచి ఎర్రని మాంసం బయటికి వచ్చినా, దాన్ని శుభ్రమైన సెలైన్ నీటితో తడిగా ఉంచుతూ వెంటనే బయలుదేరండి. ఎండిపోతే ఆ భాగాన్ని కోసివేయవలసి వస్తుంది.

ఐదో పని: వైద్యుడి దగ్గరకు

పగలు కళ్లు మూయడం, నోరు తెరిచి శ్వాసించడం, కొమ్మ మీద నుంచి పడిపోవడం, గుడ్లు అడ్డుపడటం, ఏదైనా బయటికి పొడుచుకురావడం, ఎముక విరగడం: వీటిలో ఏ ఒక్కటి కనిపించినా రేపటిదాకా ఆగవద్దు. తిండి తగ్గడం, బరువు తగ్గడం, రెట్టలో తేడా వంటివాటికి రెండు మూడు రోజుల్లో చూపించవచ్చు. కుబుసం విడిచే రోజుల్లో ఒకటి రెండు రోజులు తినకపోవడం మామూలే.

కుక్కలకు, పశువులకు వైద్యం చేసే అందరికీ సరీసృపాల వైద్యం తెలిసి ఉండదు, అందులో వారి తప్పేమీ లేదు. అమెరికాలో ఉన్నవారు సరీసృపాల, ఉభయచరాల పశువైద్యుల సంఘమైన ఏఆర్‌ఏవీ జాబితాలో దగ్గరలోని వైద్యుడిని వెతుక్కోవచ్చు. భారతదేశంలో అయితే పెద్ద నగరాల్లో పక్షులు, తాబేళ్లు వంటి ఎక్సోటిక్ జంతువులను చూసే వైద్యులను, పశువైద్య కళాశాలల ఆసుపత్రులను అడగాలి. ఈ వెతుకులాట జంతువు ఆరోగ్యంగా ఉన్నప్పుడే పూర్తిచేసి, ఫోన్ నంబరును పంజరం పక్కన అంటించండి.

వెళ్లేటప్పుడు ఒక అట్టపెట్టెలో చిన్న కొమ్మ బిగించి, అడుగున మెత్తని గుడ్డ వేసి, మూతకు గాలిరంధ్రాలు పెట్టి తీసుకెళ్లండి. చీకటిలో అది నెమ్మదిస్తుంది. తాజా రెట్టను జిప్ సంచిలో వేసి పట్టుకెళ్లండి, ఆలస్యమయ్యేటట్లయితే ఫ్రిజ్‌లో పెట్టవచ్చు గానీ గడ్డకట్టించకూడదు. మీ నోటుపుస్తకం, పంజరం ఫొటోలు, దీపాల పెట్టెలు, మేత మీద మీరు చల్లే పొడుల సీసాలు అన్నీ వెంట తీసుకెళ్లండి. ఎముకల జబ్బు, గుడ్ల అనుమానం ఉంటే ఎక్స్‌రే తీయమని మీరే అడగవచ్చు. మందు మోతాదును వైద్యుడు గ్రాముల బరువును బట్టి లెక్కిస్తాడు కాబట్టి, ఎంత ఇవ్వాలో, ఎన్నాళ్లు ఇవ్వాలో రాయించుకోండి. ఇంజెక్షన్ ఇంట్లో వేయవలసి వస్తే మొదటిది ఆయన ముందే వేసి నేర్చుకోండి. యాంటీబయాటిక్ వాడుతున్నన్ని రోజులూ నీళ్లు రెట్టింపు శ్రద్ధతో చల్లండి, కొన్ని మందులు మూత్రపిండాలకు భారమవుతాయి.

బతికే అవకాశం లేదని వైద్యుడు చెప్పిన సందర్భం కూడా రావచ్చు. అప్పుడు బాధ లేకుండా నిద్రపుచ్చే ఇంజెక్షన్ ఇవ్వమని అడగండి. ఫ్రీజర్‌లో పెడితే చల్లగా నిద్రపోతుందని కొందరు చెప్పే మాట నిజం కాదు, అది చాలా క్రూరమైన చావు.

ఆరో పని: ఇంటికి తెచ్చాక

శ్వాస తేలికపడిందనో, కళ్లు తెరిచిందనో మందును మధ్యలో ఆపవద్దు. మొదటి రెండు వారాలు రోజు విడిచి రోజు తూకం వేయండి. దొరికిన కారణాన్ని బట్టి పంజరాన్ని మార్చండి. పాత యూవీబీ గొట్టాన్ని తీసేయండి, దీపాన్ని ఒక జానెడు పైకి జరపండి, గాజు పెట్టె బదులు జాలీ పంజరం కొనండి. ఇలకోళ్లకు ముందురోజే ఆకుకూరలు, క్యారెట్ పెట్టి, ఊసరవెల్లికి వేసే ముందు డి3 లేని క్యాల్షియం పొడిని పలుచగా అద్దండి. డి3, విటమిన్లు కలిసిన పొడి నెలకు రెండుసార్లు చాలు, అతిగా వేస్తే అదే మరో జబ్బవుతుంది. పరాన్నజీవులకు మందు వాడి ఉంటే, కోర్సు అయిన రెండు మూడు వారాలకు మళ్లీ రెట్ట పరీక్ష చేయించండి. ఈలోగా రెట్టను ఏ రోజుకు ఆ రోజు తీసేసి, కొమ్మలను వేడినీటితో కడుగుతూ ఉండండి, లేకపోతే వదిలిన పురుగే మళ్లీ కడుపులోకి చేరుతుంది. ప్రతిసారీ సబ్బుతో చేతులు కడుక్కోండి. ఇంట్లో ఐదేళ్లలోపు పిల్లలుంటే పంజరాన్ని, ఆ సామాన్లను వారికి అందకుండా ఉంచండి. నోటుపుస్తకంలో బరువు తిరిగి పాత అంకెకు చేరి, వరుసగా నాలుగు వారాలు అక్కడే నిలిచిన తరువాత మళ్లీ వారానికొక తూకానికి మారవచ్చు.